ఆరోగ్య హక్కుకు యాభై రోజుల దూరం

2022 మే నెలలో ఒక ఉదయం, స్పెయిన్‌లోని అలికాంతే నగరంలో మా మేడ మీద బట్టలు ఆరేస్తుండగా నా ఎడమ దవడ లాగడం మొదలుపెట్టింది. పంటి నొప్పి అనుకున్నాను. కాసేపటికి రెండు భుజాల మధ్య వీపులో బరువు, వికారం, చల్లని చెమట. తెనాలిలో మా అమ్మ ఏం చేసేదో నేనూ అదే చేశాను: గ్యాస్ పట్టేసిందని నిర్ధారించుకుని, వాము నమిలి, వేడినీళ్లు తాగి పడుకున్నాను. అలా గంటన్నర పోయింది. గుండెపోటు అంటే ఛాతీ పట్టుకుని కూలిపోవడమేనని నేను నమ్మినట్టే చాలామంది ఆడవాళ్లు నమ్ముతారు. మనలో అది దవడలో, వీపులో, కడుపులో కూడా మొదలవుతుందని నాకు యాభై ఏడేళ్లు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు. "ఏమండీ, నాకు ఊపిరి అందడం లేదు" అన్న మాట విన్నాక మా వారు అత్యవసర సేవల నంబరు 112కి ఫోన్ చేశారు. అంబులెన్సు సిబ్బంది మంచం మీదే ఈసీజీ తీసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, నన్ను సరాసరి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లారు. మణికట్టు దగ్గర నుంచి గొట్టం పంపి, మూసుకుపోయిన రక్తనాళంలో స్టెంటు పెట్టారు. ఆ బల్ల మీద నన్ను ఎవరూ ఏ కాగితమూ అడగలేదు. వారి రుణం నేను తీర్చుకోలేనిది.

కాగితాలు అడిగింది కింద అంతస్తులో, మా వారిని. ఆయన పర్సులోంచి ఐర్లండు వారిచ్చిన యూరోపియన్ ఆరోగ్య బీమా కార్డు తీసి చూపించారు. కౌంటరులో ఉన్నామె మర్యాదగానే చెప్పిందట, ఈ కార్డు పర్యటనకు వచ్చినవారికే గానీ ఇక్కడే కాపురం ఉంటున్నవారికి పనికిరాదని. మా పరిస్థితి అప్పుడు మాకు సరిగ్గా అర్థమైంది.

నేను డబ్లిన్‌లో 21 ఏళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగు ఉద్యోగం చేశాను. ప్రతి నెలా జీతంలోంచి సామాజిక బీమా చందా కోతపడేది. మేమిద్దరం ఐరిష్ పౌరసత్వం తీసుకున్నాం, ముందుగానే పదవీ విరమణ చేసి, పొదుపు మీద బతకవచ్చని లెక్క వేసుకుని, 2021 సెప్టెంబరు 1న ఈ సముద్రతీరానికి వచ్చాం. యూరోపియన్ యూనియన్ పౌరులు సభ్యదేశాల్లో ఎక్కడైనా నివసించవచ్చునన్నది నిజమే. అయితే ఉద్యోగం చేయనివారు మూడు నెలలు మించి ఉండాలంటే, మొదటి ఐదేళ్లూ తగినంత ఆదాయమూ సమగ్రమైన ఆరోగ్య బీమా ఉండాలని 2004లో వచ్చిన ఆదేశం షరతు పెట్టింది. ఐర్లండులో ప్రభుత్వ పింఛను 66 ఏళ్లకు వస్తుంది; అది వచ్చాక ఆ దేశమే ఎస్-1 అనే పత్రం ఇచ్చి ఇక్కడి మా వైద్యం ఖర్చు భరిస్తుంది. నాకు అప్పటికి ఇంకా తొమ్మిదేళ్లు. ఆ మధ్యకాలంలో మాలాంటివారికి అధికార పత్రాల్లో ఉన్న పేరు "ఆర్థికంగా క్రియాశీలులు కానివారు". ఇరవై ఒక్క ఏళ్ల చందాలు ఏ దేశపు ఖాతాలో ఉన్నాయో ఆ దేశాన్ని విడిచి వచ్చాం, వచ్చిన దేశపు ఖాతాలో మా పేరే లేదు. ఆసుపత్రి మంచం మీద పడుకుని ఆ పదం తలుచుకున్నప్పుడు కలిగిన చిన్నతనం ఇప్పటికీ నన్ను వదలలేదు.

నివాసం నమోదుకు అవసరం కాబట్టి మేము ఒక ప్రైవేటు బీమా తీసుకున్నాం. ఆసుపత్రి తన బిల్లును ఆ కంపెనీకి పంపింది. మూడు వారాల తర్వాత కంపెనీ నుంచి జవాబు వచ్చింది: నాకు ముందు నుంచే రక్తపోటు ఉందని, ఆ సంగతి దాచానని, అందువల్ల ఆ బిల్లు తాము చెల్లించబోమని. ఆ రోజు నేను చాలాసేపు ఏడ్చాను; డబ్బు కోసం కంటే "దాచారు" అన్న మాట కోసం. మా వారు పాత ఫైలు తిరగేసి ఆరోగ్య ప్రశ్నావళి నకలు బయటికి తీశారు. నాలుగో ప్రశ్న ఎదురుగా, నా చేతివ్రాతతో, "ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా., రోజూ ఉదయం" అని నా రక్తపోటు మాత్ర పేరు నీలం సిరాతో స్పష్టంగా ఉంది. ఆ నకలు జతచేసి ఫిర్యాదు పెట్టాక, ఆగస్టులో కంపెనీ బిల్లు చెల్లించింది.

కానీ అంతకుముందే, జూన్ చివరి వారంలో, వారి దగ్గర నుంచి మరో ఉత్తరం వచ్చింది. ఆగస్టు 31 తర్వాత నా పాలసీని పొడిగించబోమని. రెండు నెలల ముందు తెలియజేస్తే కంపెనీ అలా చేయడానికి ఇక్కడి చట్టం ఒప్పుకుంటుంది. మరికొన్ని కంపెనీలను అడిగాం. ఒకటి రెండు నన్ను పూర్తిగా వద్దన్నాయి, ఒకటి గుండె తప్ప మిగతా శరీరానికి బీమా ఇస్తానంది.

దారి చూపింది ఆసుపత్రిలోని సామాజిక కార్యకర్త. ఆమె ఒక చీటీ మీద "కొన్వెనియో ఎస్పెసియాల్" అని రాసి ఇచ్చింది. ప్రత్యేక ఒప్పందం అని అర్థం. వేరే ఏ దారిలోనూ ప్రభుత్వ వైద్యం అందనివారు నెలకు 65 ఏళ్ల లోపు అయితే 60 యూరోలు, 65 దాటితే 157 యూరోలు కట్టి ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థలో చేరవచ్చునని 2013 నాటి ఉత్తర్వు చెబుతోంది. షరతు ఒకటే ముఖ్యం: దరఖాస్తుకు ముందు స్పెయిన్‌లో ఏడాది పాటు ఎడతెగకుండా నివసించి ఉండాలి. ఆ ఏడాదికి సాక్ష్యం మున్సిపాలిటీలోని నివాసుల జాబితా, ఇక్కడివారు "పద్రోన్" అంటారు. మొదట దిగిన తాత్కాలిక ఇంటి యజమాని తన చిరునామా మీద నమోదుకు ఇష్టపడకపోతే, కాగితం పనే కదా, సొంతంగా అద్దెకు దిగాక చూద్దామని మేము ఊరుకున్నాం. చివరికి 2021 అక్టోబరు 20న నమోదయ్యాం. బీమా ఆగస్టు 31తో ముగుస్తుంది, ఏడాది అక్టోబరు 20న నిండుతుంది. మధ్యలో యాభై రోజులు, స్టెంటు పెట్టి నాలుగు నెలలైనా కాని గుండెతో, నాకు ఏ రక్షణా లేదు.

"అక్కా, నువ్వు బయల్దేరి వచ్చెయ్, గుంటూరులో చూపిద్దాం" అని మా తమ్ముడు రోజూ ఫోన్ చేసేవాడు. వెళ్తే ఆ ఏడాది తెగిపోతుందేమోనన్న భయం. ఆ యాభై రోజులూ నేను రాత్రి మణికట్టు మీద వేలు పెట్టుకుని నాడి లెక్కపెట్టుకునేదాన్ని. మా వారు ఫోను దిండు కింద పెట్టుకుని పడుకునేవారు. ఉదయం పొస్తిగెత్ తీరం వెంట చదునుగా ఉన్న దారిలో మాత్రమే నడిచేవాళ్లం. ఎదురుగా బెనకంతిల్ కొండ మీద సాంతా బార్బరా కోట కనిపిస్తున్నా, ఎక్కుదామని ఇద్దరం ఒక్కసారి కూడా అనుకోలేదు. జబ్బు భయం ఒక ఎత్తు, జబ్బు చేస్తే ఆ బిల్లు మా వారి పొదుపును మింగేస్తుందన్న భయం మరో ఎత్తు. రెండోదే నన్ను ఎక్కువ కుంగదీసింది.

అక్టోబరు 21, శుక్రవారం ఉదయం మున్సిపాలిటీ తలుపు తీసేసరికి మేము వరుసలో ఉన్నాం. పద్రోన్ ధ్రువపత్రం, పాస్‌పోర్టు, నివాస నమోదు పత్రం, మా వైద్య ఖర్చు తాము భరించడం లేదని ఐర్లండు నుంచి తెప్పించిన ఉత్తరం కలిపి దరఖాస్తు ఇచ్చాం. ఫారమంతా రెండుసార్లు చదివాను. ఆరోగ్య ప్రశ్నావళి పేజీ పొరపాటున జారిపోయిందేమోనని గుమస్తాను అడిగాను. ఆమె నా ప్రశ్న అర్థం కానట్టు చూసి, "అలాంటిది ఉండదమ్మా" అంది. స్టెంటు ఉన్న నాకూ, ఏ జబ్బూ లేని మా వారికీ ఒకటే 60 యూరోలు. ఎన్నో నెలల తర్వాత ఆ రాత్రి నాడి చూసుకోకుండా నిద్రపోయాను.

కార్డు వచ్చాక తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. ఈ ఒప్పందంలో బయట మందుల షాపులో కొనే మందులకు రాయితీ లేదు. రక్తం గడ్డకట్టకుండా వాడే ఖరీదైన మాత్రతో సహా ఏడాది పొడవునా పూర్తి ధర పెట్టి కొన్నాను. 65 నుంచి 66 దాకా, అంటే పింఛను వచ్చేవరకు, 157 యూరోలు కట్టాల్సి ఉంటుంది. అయినా నేను ఫిర్యాదు చేయను. ఇటలీ నుంచి లాత్వియాకు మారిన ఒక పౌరుడి కేసులో యూరోపియన్ న్యాయస్థానం 2021 జూలైలో ఇచ్చిన తీర్పు సారాంశమూ ఇదే: ఉద్యోగం లేదన్న కారణంతో అలాంటి నివాసిని ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థకు బయట ఉంచకూడదు, కానీ ఉచితంగా ఇచ్చి తీరాలనీ లేదు. ఇది నాకు న్యాయంగానే అనిపిస్తుంది. కట్టగలిగినంత అడగడం వేరు, నీ గుండె తప్ప మిగతాదాన్ని తీసుకుంటాననడం వేరు.

జనవరిలో ఆసుపత్రి వ్యాయామశాలలో ఎనిమిది వారాల శిక్షణకు పంపారు. ఛాతీకి తీగలు అంటించుకుని, మరో ఆరుగురితో కలిసి సైకిలు తొక్కేదాన్ని. నాడి 110 దాటనివ్వద్దని నర్సు చెప్పి పంపింది. మార్చిలో ఒక ఆదివారం మా వారూ నేనూ బెనకంతిల్ కొండ దారి పట్టాం. మూడుసార్లు ఆగాం, ఆగిన ప్రతిసారీ ఆయన నీళ్ల సీసా అందించారు. కోట గుమ్మం దగ్గర నిలబడి మణికట్టు మీద వేలు పెట్టుకున్నాను. 104.