మైపాడు తీరాన గంగమ్మ కొలుపు

నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు పోయే పాతిక కిలోమీటర్ల దారిలో వరి పొలాలు వెనకబడి రొయ్యల గుంటలు మొదలయ్యాయంటే సముద్రం దగ్గరపడినట్టే. బకింగ్‌హాం కాలువ దాటి, తీరం వెంట ఉన్న ఒక పట్టపుపాలెంలో, అంటే మత్స్యకారుల పల్లెలో, గంగమ్మ కొలుపు చూడటానికి నేను వెళ్లింది మే నెలలో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం విధించిన ఈ విరామంలో మగవాళ్లంతా ఊళ్లోనే ఉంటారు కనుక కొలుపుకు ఇంతకన్నా మంచి అదను దొరకదు.

పసుపు కుంకుమలు, పొంగళ్లు, డప్పులు ఏ ఊరి కొలుపులోనైనా ఉండేవే. నన్ను కట్టిపడేసింది మరునాటి ఉదయం లాగిన అలివి వల. ఇంజను లేని నావలకు నిషేధం వర్తించదు. తెడ్లతో నడిచే ఒక నావ సముద్రంలో వలను అర్ధచంద్రాకారంగా విడిచి రాగా, దాని రెండు కొసల తాళ్లను ఒడ్డున రెండు జట్లు అందుకొని, ఒకే ఊపున వెనక్కి అడుగులు వేస్తూ లాగసాగాయి. వరుసలో చివరికి చేరినవాడు తాడు వదిలి, మళ్లీ నీళ్ల అంచుకు పరుగెత్తి ముందు చోటు పట్టుకుంటాడు. వల దగ్గరయ్యేకొద్దీ దూరంగా మొదలైన జట్లు ఒకదానికొకటి చేరువవుతాయి. పడ్డవి నెత్తళ్లు, కవళ్లు, కాసిని కానాగంతలు. అమ్మవారి వాటా తీసి పక్కన పెట్టాకే పంపకాలు మొదలయ్యాయి.

"మోటార్లొచ్చినాక దీన్ని పట్టేవాళ్లు లేరబ్బయా. ఈ రెణ్ణెల్లే మాకు మళ్లా పాత కాలం," అన్నాడు తాడు చుట్టలు పేరుస్తున్న ఒక పెద్దాయన. దుంగలు కట్టిన తెప్పల మీద వేటకు వెళ్లిన తరం ఆయనది. ఒడ్డుకు రాగానే కట్లు విప్పి దుంగల్ని ఎండబెట్టేవారట. ఇప్పుడు ఇసుక మీద ఉన్నవన్నీ ఫైబర్ బోట్లే. తీరాల్లో వేదికలు కట్టి, దీపాలు వెలిగించి జరిపే ఉత్సవాల్లో ఈ పనితనం ఇంత దగ్గరగా కనబడదని నా అభిప్రాయం.

మధ్యాహ్నం ఆయన ఇంట్లోనే భోజనం. ముందురోజు రాత్రి మట్టి దాకలో కాచి ఉంచిన చేపల పులుసులో పచ్చిమామిడి ముక్కలు పులుపెక్కి ఉన్నాయి. నేను రెండోసారి అడగకుండానే ఆ ఇంటి అవ్వ గరిటె నిండా వడ్డించి, అన్నం కలపడంలో నా నాగరికపు పొదుపును చూసి నవ్వింది.