ఒక బొటనవేలు, అరవై సీట్లు

నాలుగు పేరాలు టైపు చేసి మా కోర్సు కమిటీ గ్రూపులో పెడితే జవాబుగా ఒక బొటనవేలి బొమ్మ వచ్చింది. అంతే. అవుననా, కాదనా, చూశాననా, చదివే తీరిక లేదనా? మధ్యాహ్నం వచ్చిన బొమ్మ గురించి రాత్రి పదకొండున్నరకు కూర్చుని రాస్తున్నానంటే నా తిక్క మీకు తెలిసిందే. అత్తమ్మ ఇందాక తలుపు దగ్గరికి వచ్చి "ఇంకా పండుకోలేదా బిడ్డా" అని ఒకసారి చూసి పోయింది. చిన్నదాని ప్రాజెక్టు అట్టముక్కలు హాలంతా అట్లనే ఉన్నాయి. ఈయన సంగతి సరేసరి, ఏదో మ్యాచ్ ఉందట.

కొత్త కోర్సు గోలే. మా కాలేజీలో చరిత్ర, టూరిజం కలిపి ఒక బీఏ పెడదామంటున్నారని, ఆ కమిటీలో నన్నూ వేశారని మొన్న రాశాను కదా. సిలబస్ దాదాపు అయిపోయింది, నిజానికి అదే తేలిక. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి ఇలాంటిది ఒకటి ఇక్కడ ఉండాలని ఎవరిని అడిగినా అంటారు. వరంగల్ కోట ఉంది, వేయిస్తంభాల గుడి ఉంది, లక్నవరం చెరువు, బొగత జలపాతం, రెండేళ్ళకోసారి మేడారం జాతర. ఇవన్నీ చూపించడానికి చదువుకున్నవాళ్ళు కావాలా వద్దా అంటే కావాలనే అంటారు. మీ పిల్లను పంపుతారా అంటే మాత్రం అందరూ ఫోన్ చూసుకుంటారు.

అసలు పేచీ ఎక్సెల్ షీటులో ఒక గడి దగ్గర వచ్చింది. మొదటి ఏడాది ప్రవేశాలు ఎన్ని అని. నేను 30 అని వేశాను. ఎందుకు ముప్ఫైయో నాలుగు పేరాల్లో రాశాను. కోఆర్డినేటర్ సార్ బొటనవేలు పెట్టారు. సాయంత్రం షీటు తెరిచి చూస్తే అక్కడ 60 ఉంది. ఫోన్ చేస్తే "సెక్షన్ అంటే అరవై మేడం, ఎక్కడైనా గంతే కదా" అన్నారు. మరి ఆ బొటనవేలు దేనికి సార్ అని అడగాలనిపించింది, అడగలేదు. ఇక్కడ అడుగుతున్నాను.

నా లెక్క నాకుంది. పర్మినెంటు వాళ్ళం ఇద్దరమే. మిగతా పేపర్లన్నీ గెస్టు వాళ్ళతో లాగాలి. పైగా ఇది క్లాసులో కూర్చోబెట్టి నోట్సు చెప్పే కోర్సు కాదు, పిల్లల్ని తీసుకుపోయి చూపించాలి. అరవై మందిని ఒకేసారి రామప్ప మండపం ఎక్కిస్తే ముందున్న పదిమందికి శిల్పం కనిపిస్తుంది, వెనక ఉన్నవాళ్ళకు ముందువాళ్ళ జడలు కనిపిస్తాయి. ములుగు సెంట్రల్ ట్రైబల్ యూనివర్సిటీ సంగతే చూడండి. 2014 విభజన చట్టంలో మాట ఇచ్చారు, పార్లమెంటులో చట్టం అయ్యేసరికి 2023 డిసెంబర్ వచ్చింది. 2024లో జాకారంలో తాత్కాలిక భవనంలో మొదలుపెట్టినప్పుడు వాళ్ళు చేతికొచ్చిన కోర్సులన్నీ పెట్టలేదు, ఇంగ్లీషు, ఎకనామిక్స్ బీఏ ఆనర్స్‌తో సరిపెట్టుకున్నారు. కేంద్రం వెనకాల ఉన్నవాళ్ళే అంత జాగ్రత్తగా అడుగేస్తే మనకెందుకింత ఉబలాటం?

అసలు ముందు అరవై మంది రావాలి కదా. డిగ్రీ సీట్లను ఆన్‌లైన్‌లో ఇచ్చే దోస్త్ 2016లో వచ్చి ఇన్నేళ్ళయినా మా కమిటీలో కొందరికి అది ఇంకా కౌంటర్ దగ్గర ఫారాలు అమ్మే వ్యవహారంలాగే కనిపిస్తుంది. బోర్డు కడితే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే వస్తారట. వెబ్ ఆప్షన్లలో మన కోర్సు పేరు కనిపించాలి, కనిపించినా పిల్ల దాన్ని పైన పెట్టుకోవాలి. ఆ ఆప్షన్లు పెట్టేది చాలాసార్లు పిల్ల కాదు, నెట్ సెంటర్ అతను. అతనికి తెలిసింది బీకాం కంప్యూటర్స్. మొదటి విడతకు రెండు వందలు, తర్వాతి విడతల్లో నాలుగు వందలు కట్టాలి. ఆధార్‌కు లింకైన నంబరుకు ఓటీపీ పోతుంది, ఆ నంబరేమో అన్న దగ్గర ఉంటుంది, అన్న హైదరాబాద్‌లో డ్యూటీలో ఉంటాడు. ఇదంతా దాటి సీటు వచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి, లేదంటే సీటు పాయె. అదీ దాటాక ఒరిజినల్స్ పట్టుకుని కాలేజీకి రావాలి. ఈలోపు ఎప్‌సెట్ కౌన్సెలింగ్ నడుస్తుంది, ఇంజనీరింగ్ సీటు దొరికినవాళ్ళు చెప్పాపెట్టకుండా జారుకుంటారు. సీటు ఇచ్చిన పేర్లను చేరిన పేర్లుగా రాసుకుని ఆగస్టులో క్లాసుకు పోయి ఖాళీ బెంచీలకు హాజరు తీసుకోవడం మాకు కొత్తేం కాదు.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలకు మా దగ్గర జవాబులే లేవు, అది ఇంకో చికాకు. టూరిజం చదివితే ఏం జాబ్ అని అడుగుతారని అందరికీ తెలుసు, దానికోసం బ్రోచర్‌లో రంగుల పేజీ పెట్టారు. వాళ్ళు నిజంగా అడిగేది అది కాదు. "బీఎడ్‌కు పనికొస్తదా మేడం?" "గ్రూప్స్‌కు ఈ డిగ్రీ చెల్లుతదా?" ఇవి ఆషామాషీ ప్రశ్నలు కావు. పట్టా మీద కొత్త పేరు కనిపిస్తే రేపు నోటిఫికేషన్ పడ్డప్పుడు ఇది దానితో సమానమేనా అని సర్టిఫికెట్ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది పిల్లలే. డిగ్రీల పేర్లు ఎవరికి తోచినట్టు వాళ్ళు పెట్టుకోవడానికి లేదు, యూజీసీ చట్టం 22వ సెక్షన్ కింద ప్రకటించిన పేర్లే వాడాలి. అందుకే బీఏ అన్న పేరు కదపొద్దని, చరిత్ర ప్రధాన సబ్జెక్టుగా స్పష్టంగా ఉండాలని మొదటి మీటింగ్‌లోనే మొత్తుకున్నాను. ఆ ఒక్కటీ విన్నారు, దానికి మాత్రం థ్యాంక్స్. బ్రోచర్‌లో ఆ ముక్క ఎక్కడుందో వెతుక్కోండి. నాకైతే కనపడలేదు, సింగపూర్ ఫొటో కనిపించింది. మనకు సింగపూర్ ఎందుకో!

మంచి ముచ్చట ఒకటుంది. మా పాత స్టూడెంటు ఒకతను ములుగు వైపు జూనియర్ కాలేజీలో చెబుతున్నాడు. ఇట్లాంటి కోర్సు రావచ్చని క్లాసులో మాటవరసకు అన్నాడట. రామప్ప గుడి ఉన్న పాలంపేట పక్క ఊరి అమ్మాయి ఒకతె లేచి, ఫారిన్ వాళ్ళతో మాట్లాడే ఇంగ్లీషు నేర్పుతరా సార్, నేను పొద్దుగాల బస్సుకు వస్తా అన్నదట. వస్తుంది కూడా. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి ఆధార్ చూపించి జీరో టికెట్‌తో ఎంత దూరం నుంచి పిల్లలు వస్తున్నారో మా క్లాసులు చూస్తే తెలుస్తుంది. కానీ తిరిగి పోయే బస్సు టైము ఎవరు చూస్తారు? టైంటేబుల్ వేసేవాళ్ళు ఆఖరి పీరియడ్ నాలుగున్నర దాకా లాగుతారు. ఊళ్ళోకి పోయే పల్లెవెలుగు అప్పటికే వెళ్ళిపోయి ఉంటుంది. చూశారా, మంచి ముచ్చట అని మొదలుపెట్టి మళ్ళీ ఎక్కడికొచ్చానో.

ఆ అమ్మాయి మాట విన్నప్పటి నుంచి బాపు గుర్తుకొస్తున్నాడు. నాది పరకాలలో ఇంటర్ అని తెలుసు కదా. బాపుకు నన్ను టీటీసీ చేయించాలని ఉండేది. నేను హన్మకొండలో డిగ్రీ, అదీ హిస్టరీ అని మొండికేశాను. అప్పుడు ఆన్‌లైన్ ఎక్కడిది, ప్రతి జిరాక్సు మీద గెజిటెడ్ ఆఫీసర్ సంతకం కావాలి. మా ఊళ్ళో ఆ మాటే ఎవరూ వినలేదు. బాపు ఇద్దరు ముగ్గురిని అడిగి, పశువుల డాక్టర్ సారు గెజిటెడ్ అని కనుక్కున్నాడు. మేం పోయేసరికి సారు ఒక బర్రెకు ఈత కష్టమైతే మోచేతి దాకా చెయ్యి పెట్టి ఉన్నాడు. బాపు చటుక్కున కండువా నడుముకు చుట్టి బర్రెను పట్టుకోవడానికి దిగాడు. నేను సర్టిఫికెట్ల కవరు ఛాతీకి అదుముకుని చింతచెట్టు కింద నిలబడ్డాను. దూడ బయటపడి, అది లేచి నిలబడ్డాకే సారు చేతులు కడుక్కుని జేబులోంచి ఆకుపచ్చ ఇంకు పెన్ను తీశాడు. "ఏం చదువుతవమ్మా" అన్నాడు. హిస్టరీ సార్ అన్నాను. "పాత ముచ్చట్లు చదివి ఏం జేస్తవ్" అంటూనే ఒక్కో కాగితం మీద సంతకం పెట్టి ముద్ర కొట్టాడు. టెన్త్ మెమో మీద మాత్రం ఒక మూలన వేరే పచ్చరంగు అంటింది. హన్మకొండలో కౌంటర్ దగ్గర క్లర్కు ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని ఇదేందన్నాడు. బాపు తొణకలేదు. "డాక్టర్ సాబ్ సంతకం" అన్నాడు.

ఆదాయం సర్టిఫికెట్ పాతదని తిప్పి పంపారు. మళ్ళీ మండలాఫీసు, మళ్ళీ బస్సు, దారంతా బాపు సణుగుడు, టీటీసీ అయితే ఈ తిప్పలుండకపోవు అని. మొదటి లిస్టులో నా పేరు లేదు. నోటీసు బోర్డు అద్దం మీద వేలు పెట్టి బాపు పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు. ఇంక పోదాం పా అని గేటు దాకా వచ్చాక అటెండర్ ఒకాయన, ఇంజనీరింగోల్లు పోయినంక ఇంకొకటి పడతది పెద్దాయనా, ఆగుండ్రి అన్నాడు. ఆ రెండో లిస్టులో కింది నుంచి చూస్తే నా పేరు ముందే దొరికింది.

ఇది గుర్తొచ్చాకే ముప్ఫై మీద నాకు అనుమానం మొదలైంది. కాగితం తీసుకుని లెక్క వేశాను. ముప్ఫై సీట్లంటే ఎస్టీలకు పది శాతం, మూడు. అందులో ఆడపిల్లలకు మూడోవంతు అంటే ఒకటి. ఎస్సీలకు పదిహేను శాతం, నాలుగున్నర, ఆ అర ఎటు పోతుందో రిజర్వేషన్ల రోస్టర్‌కే తెలియాలి. బీసీ-ఏకు ఏడు శాతం, రెండు సీట్లు. బీసీ-సీకి ఒక్క శాతం, ముప్ఫైలో అది లెక్కలోకే రాదు. పాలంపేట వైపు నుంచి వస్తానన్న ఆ అమ్మాయి ఏ కేటగిరీయో నాకు తెలియదు. కానీ ముప్ఫైలో ఆమె వంతుకు ఒకటో రెండో మిగులుతాయి, వాటికోసం మార్కులెక్కువున్నవాళ్ళు ఇంకొందరుంటారు. అప్పుడు నా కోర్సు కూడా ముప్ఫై సీట్లదే అయి ఉంటే రెండో లిస్టు చివర కూడా నా పేరు ఉండేది కాదు. నాకు దొరికింది ఎవరో వదిలేసిపోయిన సీటు. వాళ్ళు ఎవరో, ఏ ఇంజనీరింగ్ కాలేజీకి పోయారో తెలియదు కానీ బాగుండాలి. శిల్పం సరిగ్గా కనిపించకపోతే రెండు బ్యాచులుగా తీసుకుపోవచ్చు. సీటే లేకపోతే చేసేదేం లేదు.

కాబట్టి సార్ వేసిన అరవై సరైనదే. సరైన అంకె తప్పుడు కారణంతో వేశారు, అంతే తేడా.

అని సర్దుకుని షీటు మూసేద్దామనుకుంటే రెండో ట్యాబు కనిపించింది, బడ్జెట్. అక్కడ అదే అరవైని ఫీజుతో గుణించి, ఆ వచ్చినదాంట్లోంచి గెస్టు లెక్చరర్ల జీతాలు చూపించారు. నా కోపం అసలు ఇక్కడ ఉండాల్సింది. సీట్లు అరవై పెట్టడం వేరు, అరవై మంది చేరినట్టే ఖర్చు రాసుకోవడం వేరు. చేరినవాళ్ళలోనూ చాలామందికి ఈ-పాస్ ద్వారా ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంటే దిక్కు, ఆ డబ్బులు చదువు నడిచే ఏడాదిలో చేతికి రావని ఇంత బతుకు బతికిన మాకు తెలియదా? బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు బందులు చేసిన సంగతి పేపర్లలో చూడలేదా? అప్పుడు ఆగేది ఎవరి జీతం? పీహెచ్‌డీ చేసి, యూజీసీ నెట్ పరీక్ష పాసై, పీరియడ్ లెక్కన డబ్బులు తీసుకునే ఆ పిల్లలది. వాళ్ళు డిసెంబర్‌కల్లా మానేస్తారు, క్లాసులు నడవవు, చేరినవాళ్ళలో సగం మంది హాజరు డెబ్బై ఐదు శాతం లేక స్కాలర్‌షిప్ పోగొట్టుకుంటారు, రెండో ఏడాది మా కోర్సుకు డిమాండ్ లేదని మీటింగ్‌లో తేలుస్తారు. డిమాండ్ లేక కాదు సార్.

ఇప్పుడు షీటులో సీట్ల గడిలో 60 అట్లనే ఉంచాను. పక్కన ఇంకో గడి చేర్చి, చేరతారనుకునేది 35 అని, దాని పక్కన మొదటి ఏడాదిలోనే ఫీజు చేతికొచ్చేది ఎంతమందిదో వేరుగా వేశాను. జీతాలు ఆ ఆఖరి అంకె మీదే కట్టాలి, మిగతాది యూనివర్సిటీ ముందే పెట్టుకోవాలి అని ఎర్రరంగులో రాశాను. గ్రూపులో మాత్రం పేరాలు పెట్టలేదు, ప్రింటు తీసి చేతికిస్తాను. ముప్ఫై ఐదు కూడా ఎక్కువే అనిపిస్తోంది ఈ క్షణాన, పొద్దున లేచాక తక్కువ అనిపిస్తుందేమో.

ఆ ముప్ఫై ఐదుగురు ఎక్కడినుంచి రావాలో అది ఆఫీసులో కూర్చుంటే తేలదు. పరకాల, ములుగు, నర్సంపేట, వీలైతే ఏటూరునాగారం దాకా జూనియర్ కాలేజీలకు పోయి ఇంటర్ ఫైనల్ పరీక్షల హడావుడి మొదలుకాకముందే పిల్లలతో మాట్లాడాలి. నెట్ సెంటర్ వాళ్ళతో కూడా మాట్లాడాలి, మా బ్రోచర్ కంటే వాళ్ళే ఎక్కువమందిని చేర్పిస్తారు. ఈ శనివారం ములుగుకు వస్తానని మా పాత స్టూడెంటుకు ఇందాకే మెసేజ్ పెట్టేశాను. శనివారం జనగామలో ఈయన వాళ్ళ పెద్దమ్మ మనవరాలి పెళ్లి. అత్తమ్మ చీర కూడా తీసి పెట్టింది. మ్యాచ్ మనవాళ్ళు గెలిస్తే ఇప్పుడే చెబుతాను, లేకపోతే రేపు చూద్దాం.