బోస్టన్ క్లబ్: మంచు మీద గీసిన అంకెలు

1912లో అమెరికాలో పుట్టిన బోస్టన్ ఐస్ స్కేటింగ్ క్లబ్‌కి 1938లో సొంత రింక్ (మంచు పరిచిన స్కేటింగ్ మైదానం) వచ్చింది. ఒలింపిక్ విజేతలు డిక్ బటన్, టెన్లీ ఆల్‌బ్రైట్ ఈ క్లబ్ వాళ్లే.

అప్పట్లో పోటీల్లో గెంతులకన్నా, మంచు మీద బ్లేడుతో గీసే గీతలకే ఎక్కువ మార్కులు. ఎనిమిది అంకెలో ఒక్కో సున్నా ఒక్కో కాలితో గీసి, మళ్లీ అదే గీత మీదుగా రావాలి. స్కేటింగ్ బూటు కింది బ్లేడు అడుగున సన్నటి గాడి, దానికి అటూ ఇటూ రెండు అంచులు. ఒక అంచు మీదికే ఒరగాలి. ఒళ్లు నిటారుగా నిలిచిందా, రెండంచులూ తగిలి జంట గీత పడుతుంది. జడ్జీలు మంచు మీదికి వంగి మరీ చూసేవారు. 1990 తర్వాత అంతర్జాతీయ పోటీల్లోంచి వీటిని తీసేశారు. అంచు మీద పట్టు నేర్పే ఇంత మంచి సాధన పోవడం నష్టమే.

1961 ఫిబ్రవరి 15న బ్రస్సెల్స్ దగ్గర విమానం కూలి అమెరికా ఫిగర్ స్కేటింగ్ జట్టంతా పోయింది. అందులో ఈ క్లబ్ కోచ్ మారిబెల్ విన్సన్ ఓవెన్, ఆమె కూతుళ్లిద్దరూ ఉన్నారు. క్లబ్ బోస్టన్ దగ్గరి నార్‌వుడ్‌కి మారాక, 2025 జనవరిలో వాషింగ్టన్ విమాన ప్రమాదం మరో ఆరుగురు క్లబ్ వాళ్లను తీసుకుపోయింది.