ఈసారి చోట్లు తగ్గించాను

వచ్చే సీజన్ ఫొటోగ్రఫీ టూర్ల వివరాలు ఎప్పుడు పెడతారని అడుగుతున్నవాళ్లందరికీ ముందు అసలు విషయం చెప్పేస్తాను. మూడే ఉన్నాయి. అక్టోబర్ రెండో సగంలో ఇటలీలోని డోలమైట్స్ కొండలు, జనవరిలో అమెరికాలోని డెత్ వ్యాలీ ఎడారి, ఫిబ్రవరి చివర మొదలై మార్చి మొదటి వారంలో ముగిసేలా నార్వేలోని లోఫోటెన్ దీవులు. ఒక్కోదానికి ఆరుగురికి మించి తీసుకోను. పోయినసారి ప్లాన్ గుర్తున్నవాళ్లకి ఇది చూడగానే తేడా తెలిసిపోతుంది, ఎందుకంటే అప్పుడు లోఫోటెన్‌లో ఏడు రోజులకి 18 లొకేషన్లు రాశాను, ఈసారి అవే ఏడు రోజులకి ఐదే ఉన్నాయి. "ఏంటి సార్, ప్యాకెట్ సైజు అదే ఉంచి లోపల సరుకు తగ్గించారా" అని పాత స్టూడెంట్ ఒకాయన ఫోన్‌లో అడిగేశారు. నవ్వొచ్చింది గానీ అడగాల్సిన ప్రశ్నే.

పోయినసారి మూడో రోజు సాయంత్రం సంగతి ఇది. బీచ్‌లో ఉన్నాం, ఆకాశమంతా బూడిద రంగు దుప్పటి కప్పినట్టుంది, గాలి చలి, ప్లాన్ ప్రకారం ఇంకో నలభై నిమిషాల్లో మరో చోట ఉండాలి. ఒకావిడ "ఇంకాసేపు చూద్దామా" అన్నారు. నేను ఆకాశం వైపు చూడకుండా వాచీ చూసి, సర్దేయండి అన్నాను. పావుగంట డ్రైవ్ చేశాక వ్యాన్ అద్దంలో వెనక ఏదో ఎర్రగా కనిపించింది. మబ్బు తలమీద ఎంత దట్టంగా ఉన్నా, సముద్రం అంచు దగ్గర సన్న చీలిక ఉంటే చాలు, సూర్యుడు దిగుతూ దిగుతూ ఆ చీలికలోకి వచ్చిన ఆ కొన్ని నిమిషాలు మబ్బు మొత్తాన్ని కింద నుంచి వెలిగిస్తాడు. ఇది నేను ప్రతి బ్యాచ్‌కీ బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పే పాఠం. వ్యాన్ తిప్పి వెనక్కి వెళ్లేసరికి అంతా మళ్లీ బూడిదే. ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ నన్నేమీ అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

అప్పుడే అర్థమైంది, నేను అమ్ముతున్నది లొకేషన్ల లిస్టు అని. ఫొటోగ్రఫీ కాదు.

లోఫోటెన్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ప్రశ్నలన్నీ దాని మీదే వస్తున్నాయి. ఆర్కిటిక్ వలయానికి పైన, దాదాపు 68 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంటాయి ఆ దీవులు. డిసెంబర్‌లో వెళ్తే సూర్యుడే పైకి రాని రోజులు ఉంటాయి, మే చివరికల్లా రాత్రే లేకుండా పోతుంది. ఫిబ్రవరి చివరికి రెండూ దొరుకుతాయి: పగలు సూర్యుడు తక్కువ ఎత్తులోనే తిరుగుతాడు కాబట్టి మిట్టమధ్యాహ్నం కూడా నీడలు పొడుగ్గా ఉంటాయి, రాత్రి అరోరాకి, అంటే ఆకాశంలో తెరల్లా కదిలే ఆకుపచ్చ వెలుగులకి, సరిపడా చీకటి ఉంటుంది. పైగా పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు రోజుల చుట్టుపక్కల, అరోరాని తెచ్చే భూ అయస్కాంత అలజడి మామూలు కంటే ఎక్కువగా ఉంటుందని చాలా కాలంగా లెక్కల్లో కనిపిస్తున్నదే, మార్చి వైపు జరగడానికి అదీ ఒక కారణం. అలాగని అరోరా గ్యారంటీ ఏమీ లేదు. మబ్బు పడితే పడినట్టే. గ్యారంటీ ఇస్తామని రాసే టూర్లు చూస్తే నాకు వాతావరణ శాఖ వీళ్ల చేతిలో ఉందేమో అనిపిస్తుంది.

"చంద్రుడున్న రోజుల్లో పెట్టారేంటి" అని ఇద్దరు అడిగారు. పాలపుంత తియ్యాలంటే అమావాస్య కావాలి, నిజమే. అరోరాకి అంత అవసరం లేదు. చంద్రుడు సగం ఉంటే ముందున్న మంచు కొండల మీద వెలుతురు పడుతుంది, లేకపోతే పైన ఆకుపచ్చ ఆకాశం, కింద నల్లటి ముద్ద. సెట్టింగులకొస్తే లెన్స్ రంధ్రం ఎఫ్ 2.8, వెలుతురుకి కెమెరా సున్నితత్వం, అంటే ఐఎస్ఓ, 1600 నుంచి 3200 మధ్య మొదలుపెట్టండి, అరోరా చురుగ్గా కదులుతుంటే షట్టర్ తెరిచి ఉంచే సమయాన్ని రెండు మూడు సెకన్లకి దించండి. పదిహేను సెకన్లు తెరిచి ఉంచితే ఆ మడతలన్నీ కలిసిపోయి గోడకి ఆకుపచ్చ సున్నం వేసినట్టు వస్తుంది.

ఐదు చోట్లలో నాకు బాగా ఇష్టమైనది స్కాగ్‌సాండెన్ బీచ్. ఫోన్లలో అందరూ చూపించేది వెనక కొండలతో వైడ్ షాట్. ఆటు సమయంలో నీళ్లు వెనక్కి తగ్గాక మీ బూట్ల ముందు చూడండి, నల్ల ఇసుక, తెల్ల ఇసుక వేరువేరుగా పేరుకుని, చిన్న చిన్న కాలువలు చెట్టు కొమ్మల్లా చీలిపోయి ఉంటాయి. అదే ఫొటో. పోయినసారి మేం అక్కడున్నది గంటలోపే, ఆ నమూనాలు కళ్లకి ఆనడానికే అరగంట పడుతుంది. అలలు తియ్యాలనుకుంటే మాత్రం ముందు ట్రైపాడ్ సంగతి చూసుకోవాలి. తడి ఇసుకలో దాని కాళ్లు పైపైన పెడితే, వెనక్కి వెళ్లే అల ఒక్కో కాలి కింద ఇసుకని లాక్కుపోతుంది, షట్టర్ తెరిచి ఉన్న ఆ అర సెకను ఎక్స్‌పోజర్‌లోనే కెమెరా వెంట్రుకవాసి కిందికి దిగుతుంది. ఫీల్డులో చిన్న స్క్రీన్ మీద అంతా బాగానే కనిపిస్తుంది, రూముకొచ్చి పెద్దది చేస్తే అంతా మసక. కాళ్లని చేత్తో గట్టిగా నొక్కి, ఒక అల వెళ్లనిచ్చి, మళ్లీ నొక్కి, అప్పుడు మొదలుపెట్టాలి. అల ముందుకొస్తున్నప్పుడు కాదు, వెనక్కి తిరిగిన క్షణంలో బటన్ నొక్కితే ఆ తెల్లటి గీతలు వస్తాయి. రూముకి చేరాక ట్రైపాడ్‌ని మంచినీళ్లతో కడగాల్సిందే, లేకపోతే ఉప్పు పట్టి లాకులు బిగుసుకుపోతాయి. కెమెరాని మాత్రం బ్యాగులోంచి వెంటనే తియ్యకండి. చలిలోంచి వేడి గదిలోకి రాగానే తీస్తే కళ్లజోడు మీద పట్టినట్టు ఆవిరి పడుతుంది, జిప్ వేసి గంటో రెండు గంటలో అలాగే వదిలెయ్యండి. మెమరీ కార్డు ముందే బయటే తీసి జేబులో వేసుకుంటే ఆ గంటలు ఉగ్గబట్టుకుని కూర్చోనక్కర్లేదు.

డెత్ వ్యాలీ జనవరిలోనే ఎందుకంటే, వేసవిలో అక్కడ నిలబడలేం. 1913 జూలై 10న అక్కడ 56.7 డిగ్రీల సెల్సియస్ నమోదైంది, ప్రపంచ రికార్డు ఇప్పటికీ అదే. సముద్ర మట్టానికి 86 మీటర్ల కిందున్న బ్యాడ్‌వాటర్ బేసిన్, మెస్కీట్ ఫ్లాట్ ఇసుక దిబ్బలు, జాబ్రిస్కీ పాయింట్, ఈ మూడు చోట్లే తిరుగుతాం, ఒక్కోదానికి రెండేసి సార్లు. దిబ్బల దగ్గర పార్కింగ్ పక్కన తీసిన ఫొటోల్లో ఇసుక కంటే పాదముద్రలే ఎక్కువుంటాయి, కాబట్టి తెల్లారకముందే టార్చ్ పెట్టుకుని లోపలికి బాగా నడవాల్సి ఉంటుంది. నడిచేటప్పుడు అందరూ ఒకే వరుసలో నా వెనకే రావాలి, మనం తియ్యబోయే ఇసుకని మనమే తొక్కేసుకుంటే చెయ్యగలిగేది లేదు. అక్కడ వైడ్ లెన్స్ కంటే, దూరాన్ని దగ్గరగా చూపే 70-200 లెన్స్ ఎక్కువ పనికొస్తుంది. సూర్యుడు పక్కనుంచి కొడుతున్నంతసేపే ఇసుక మీద అలల గీతలు కనిపిస్తాయి, కాస్త పైకొచ్చాడంటే ఏమీ మిగలదు. డ్రోన్ తెస్తామని మెసేజ్ పెట్టిన ఇద్దరికీ: అమెరికా నేషనల్ పార్కుల్లో 2014 నుంచే నిషేధం, తేకండి.

డోలమైట్స్ తేలిక. లార్చ్ సూదిమొన ఆకుల చెట్టే అయినా శీతాకాలానికి ఆకులు రాల్చేస్తుంది, రాలేముందు అక్టోబర్‌లో కొండవాలు మొత్తం బంగారు రంగుకి తిరుగుతుంది. పొద్దున, సాయంత్రం ఆ లేత రంగు రాళ్లు గులాబీ రంగుకి మారతాయి, దాన్ని స్థానికులు ఎన్రోసదీరా అంటారు. రోజూ ఎక్కువ నడక ఉండదు.

ఇంకో తేడా చెప్పాలి. డోలమైట్స్ టూర్, మిగతా రెండూ వర్క్‌షాప్‌లు. టూర్ అంటే సరైన చోటికి సరైన టైముకి తీసుకెళ్లి క్షేమంగా వెనక్కి తీసుకొస్తాను, అడిగితే చెప్తాను. వర్క్‌షాప్‌లో మధ్యాహ్నం మూడు గంటలు కూర్చుని మీ రా ఫైళ్లు, అంటే కెమెరాలోంచి ఏ మార్పూ లేకుండా వచ్చిన ఫొటోలు, అందరి ముందూ తెరిచి చూస్తాం, మొహమాటం ఉండదు. వర్క్‌షాప్‌లో నేను నా ట్రైపాడ్ వెయ్యను. వెలుతురు బాగున్నప్పుడు నేర్పించేవాడే ముందు వరుసలో నిలబడి తన ఫొటో తీసుకోవడం ఒకప్పుడు డబ్బు కట్టి చూశాను, ఆ కోపం ఇంకా తగ్గలేదు. ఎవరి దగ్గర చేరినా, మీరూ ఫొటోలు తీసుకుంటారా అన్న ఈ ఒక్క ప్రశ్న ముందే అడగండి.

మొదటి రోజు రాత్రి ఒక డ్రిల్ ఉంటుంది, దాని మీద అందరూ విసుక్కుంటారు. లైట్లన్నీ ఆర్పేసి, చీకట్లో ట్రైపాడ్ తెరవాలి, ఐఎస్ఓ మార్చాలి, ఫోకస్ మాన్యువల్‌లో పెట్టాలి, చూడకుండా. ఎందుకంటే ప్రకృతి దృశ్యాలకి పేరుపడ్డ అమెరికన్ ఫొటోగ్రాఫర్ అన్సెల్ ఆడమ్స్ 1941 నవంబర్ 1న న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ ఊరి మీద చంద్రోదయం తీసిన కథ అందరూ అదృష్టం అని చెప్తారు. కారు ఆపి పెద్ద కెమెరా సిద్ధం చేస్తే వెలుతురు కొలిచే లైట్ మీటర్ కనిపించలేదు. చంద్రుడి కాంతి చదరపు అడుగుకి 250 క్యాండిల్స్ అని ఆయనకి నోటికి గుర్తుంది, దాంతోనే లెక్క కట్టి ఒక్క ఎక్స్‌పోజర్ ఇచ్చారు. రెండోది తీద్దామనుకునేలోపు సమాధుల శిలువల మీద వెలుతురు పోయింది. ఆ సంఖ్య ఆయన బుర్రలో లేకపోతే ఆ ఒక్కటీ ఉండేది కాదు, మీ చేతులకీ సెట్టింగులు అలా గుర్తుండాలనే ఆ డ్రిల్. ఆయన 1955 నుంచి 1981 దాకా అమెరికాలోని యోసెమిటీ నేషనల్ పార్కులో ఏటా వర్క్‌షాప్‌లు నడిపారు, అంత పేరొచ్చాక కూడా.

కెమెరా ఏది కొనాలి అన్న ప్రశ్నకి ఇక్కడ జవాబు రాయను, మీ దగ్గరున్నది చాలు. గట్టి ట్రైపాడ్, తడవని బూట్లు, రెండు అదనపు బ్యాటరీలు తెచ్చుకుని, బ్యాటరీల్ని చలిలో లోపలి జేబులో ఒంటి వేడికి తగిలేలా పెట్టుకోండి. రోజుకో కొత్త చోటు చూడాలి, తిరిగొచ్చాక చూపించడానికి అన్నీ ఉండాలి అనుకునేవాళ్లు దయచేసి వేరే గ్రూపు చూసుకోండి, అందులో తప్పేమీ లేదు, నా దగ్గరైతే మీకు విసుగొస్తుంది. సూర్యుడు దిగాక గంటదాకా వ్యాన్ తాళాలు మాత్రం నా జేబులో ఉండవు. పోయినసారి "ఇంకాసేపు" అన్న ఆవిడే ఈసారి లోఫోటెన్‌కి మొదట పేరిచ్చారు, తాళాలు ఆవిడ దగ్గరుంటాయి.

షెడ్యూల్‌లో నాలుగో రోజు, ఐదో రోజు ఖాళీగా కనిపిస్తే టైపింగ్‌లో తప్పు జరిగిందనుకోకండి. మొదటి మూడు రోజుల్లో ఎక్కడ వెలుతురు చేజారిందో అక్కడికే మళ్లీ వెళ్తాం.