సున్నిపిండి సబ్బు మీద మళ్ళీ నారింజ మచ్చలు

మళ్ళీ వచ్చేశాయండీ. నిన్న సాయంత్రం షెల్ఫ్ మీద కప్పిన పల్చటి బట్ట తీసి చూస్తే, నేను ఇంట్లో పోసి ఆరబెడుతూ మూడో వారంలోకి వచ్చిన సున్నిపిండి సబ్బుల మీద అవే నారింజ మచ్చలు, అంచుల దగ్గర ఎక్కువ, మధ్యలో అక్కడక్కడా. కోసిన రోజు ఎంత బాగున్నాయో, పాలమీగడ రంగులో పిండి నలుసులు కనపడుతూ, నువ్వుల నూనె వాసన సన్నగా వస్తూ. ఇప్పుడు ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్క వాసన. బజ్జీలు వేయించిన మూకుడులో నూనె వారం రోజులు వదిలేస్తే వచ్చే వాసన ఉంటుంది చూడండి, అదే. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మిగతావన్నీ బాగానే నడుస్తున్నాయి, ముందు అవి చెప్పేస్తా. తేనె మైనం లిప్ బామ్ సెట్ అయిపోయింది, మైనం 20 శాతం దగ్గర ఆపితే మే నెలలో బ్యాగులో పడున్నా కరగలేదు. అరకు కాఫీ పొడి సబ్బు సూపర్, వంటగదిలో ఉల్లిపాయ, చేపల వాసన పోవడానికి దాన్ని మించింది లేదు. నూరు శాతం కొబ్బరినూనె సబ్బు, 20 శాతం సూపర్‌ఫ్యాట్‌తో (సబ్బుగా మారకుండా కావాలని మిగిల్చే నూనె), ఉప్పునీళ్ళలో కూడా నురగ వస్తోంది.

ఇక అసలు గొడవకి వద్దాం. నాకు కావాల్సింది ఒకటే సబ్బు. నరక చతుర్దశి పొద్దున్నే ఒళ్ళంతా నువ్వుల నూనె పట్టించి సున్నిపిండితో నలుగు పెట్టి పోసే తలంటు ఉంటుంది కదా, ఆ రెండూ ఒకే ముక్కలో ఉండాలి. అందుకే నువ్వుల నూనె వదలబుద్ధి కావట్లేదు. నువ్వుల నూనె తీసెయ్, మచ్చలు పోతాయి అని ఎవరైనా ఇట్టే చెప్పేస్తారు, నిజమే, కానీ అప్పుడది నాకు కావాల్సిన సబ్బు కాదు.

మచ్చలొచ్చిన బ్యాచ్ లెక్క ఇది. మొత్తం నూనెలు 500 గ్రాములు, అందులో కొబ్బరి 150, తవుడు నూనె 175, నువ్వుల నూనె 125, ఆముదం 50. 8 శాతం సూపర్‌ఫ్యాట్‌కి లై (నూనెని సబ్బుగా మార్చే సోడియం హైడ్రాక్సైడ్) 68 గ్రాములు, నీళ్ళు 136. సున్నిపిండి 15 గ్రాములు, ట్రేస్ వచ్చాక, అంటే మిశ్రమం చిక్కబడ్డాక కలిపాను. పోసినప్పుడు 40 డిగ్రీలు. జెల్ అయింది, అంటే అచ్చులో తనంతట తనే వేడెక్కి జిగురులా మారింది. (ఐఆర్ థర్మామీటర్ స్టీలు గిన్నెకేసి పెడితే తప్పుడు లెక్క చెప్తుంది, మెరిసే స్టీలు వేడిని సరిగ్గా చూపించదు, కాబట్టి సబ్బు ఉపరితలం మీదకే గురిపెట్టాలి, లేదంటే పుల్లలా గుచ్చే ప్రోబ్ థర్మామీటరే నయం. నేను ప్రోబ్‌కే మారిపోయాను.)

ఒక్కో మచ్చ 2 నుంచి 3 మిల్లీమీటర్లు, ఒక్కటి మాత్రం 6 దాకా పాకింది. చాకుతో గీకితే లోపలికి మిల్లీమీటరు కూడా లేదు, పీలర్‌తో పైపొర తీసేస్తే శుభ్రంగా ఉంది, కానీ నాలుగైదు రోజులకి పక్కన ఇంకో చోట లేచింది. అంటే కారణం లోపలంతా ఉంది, గాలి తగిలిన చోట బయటపడుతోంది అంతే.

మొదట పసుపు మీద అనుమానం వచ్చింది. పిండిలో కస్తూరి పసుపు వేస్తాం కదా, పసుపులో సున్నం పడితే ఎర్రబడటం పారాణి కలిపిన ప్రతి ఇంట్లో తెలిసిందే, లై తగిలినా అదే అవుతుంది, సబ్బు ఆరేకొద్దీ ఆవపిండి రంగుకి దిగిపోతుంది. కాబట్టి పసుపు లేకుండా ఒక చిన్న బ్యాచ్ పోసి చూశాను. మచ్చలు వచ్చాయి. పైగా పసుపు రంగు ముక్కంతా సమంగా పడుతుంది, ఇలా చుక్కలు చుక్కలుగా రాదు, వాసన కూడా మారదు. అది తేలిపోయింది. జెల్ వేడి ఎక్కువైందేమో అని సగం అచ్చు ఫ్రిజ్‌లో పెట్టి సగం బయట ఉంచాను, రెండు సగాలకీ మచ్చలే.

తర్వాత నీళ్ళు. మా కాకినాడలో బోరు నీళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, బకెట్ అంచున తుప్పు రంగు గీత పడుతుంది, అవి వాడే ప్రశ్నే లేదు. ఆర్వో నీళ్ళకి టీడీఎస్ మీటర్ (నీళ్ళలో కరిగిన లవణాల్ని కొలిచేది) 60 దగ్గర చూపించింది. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ 2 చూపించింది, దాంతో పోశాను. తేడా ఉంది, మచ్చలు ఒక వారం లేటుగా వచ్చాయి, కానీ వచ్చాయి. ఏసీ నుంచి కారే నీళ్ళు కూడా డిస్టిల్డే కదా అని కొంతమంది వాడతారు. నేను మాత్రం వద్దంటాను, అవి రాగి గొట్టాలూ అల్యూమినియం రేకుల మీద నుంచి కారి వస్తాయి, రాగి ఒక్క పిసరు కలిసినా నూనె ముక్కిపోవడం పరుగులు తీస్తుంది. ఇనుము కూడా అంతే.

ఇనుము అనగానే ఆరబెట్టే జాలీ గుర్తొచ్చింది. సబ్బులు తిరగేసి చూస్తే అడుగున మచ్చలు వరసగా ఉన్నాయి, జాలీ తీగలు ఎక్కడెక్కడ తగిలాయో అక్కడే! తీగ మీద పూత లేచిపోయిన చోట తుప్పు. వెంటనే జాలీ తీసేసి ప్లాస్టిక్ బుట్ట బోర్లించి, మీద బటర్ పేపర్ పరిచి పెట్టాను. అడుగు మచ్చలు ఆగిపోయాయి. పైనా అంచుల్లోనూ మాత్రం ఆగలేదు.

అప్పుడు ఫోనుకి తగిలించుకునే మాక్రో లెన్స్ కొన్నాను, చిన్న క్లిప్పు లాంటిది, ఈ మధ్య కొన్న గాడ్జెట్లన్నిట్లో దీనికే నా ఓటు. దాంతో మచ్చలు ఒక్కొక్కటీ చూస్తుంటే ఒక సంగతి కనపడింది. చాలా మచ్చలకి సరిగ్గా నడిమధ్యన నల్లటి చుక్క ఉంది, ఆవగింజలో పదో వంతు కూడా ఉండదు, దాని చుట్టూ ముదురు గోధుమ వలయం, దాని చుట్టూ నారింజ, ఆ తర్వాత లేత పసుపు. సూదితో ఆ చుక్కని పైకి లేపి, పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం దగ్గరకి తెచ్చాను. టక్కున అతుక్కుంది.

సున్నిపిండి! మేం పెసలు, కొంచెం బియ్యం, కచ్చూరాలు, బావంచాలు, వట్టివేళ్ళు, ఎండు గులాబీ రేకులు అన్నీ ఎండబెట్టి మరకి పట్టిస్తాం, ఏళ్ళ తరబడి అలవాటు. 100 గ్రాముల పిండి పళ్ళెంలో పరిచి, అయస్కాంతాన్ని జిప్ కవర్‌లో పెట్టి మెల్లగా తిప్పితే కవర్ మీద నల్లటి నూగులా పొడి అంటుకుంది. మరలో ఇనుప ప్లేట్లు ఒకదానికొకటి రాసుకుని అరిగిన పొడి అనుకుంటున్నా. అవే దినుసులు ఇంట్లో మిక్సీలో వేసి, మెత్తటి జల్లెడ పట్టి మళ్ళీ అయస్కాంతం తిప్పితే కవర్ శుభ్రంగా ఉంది, పిండి మాత్రమే. ఒంటికి రుద్దుకుని కడిగేసుకునే పిండిలో ఇదేం పెద్ద విషయం కాదు, కానీ సబ్బులో ఆరేడు వారాలు నూనెతో కలిసి కూర్చుంటుంది కదా.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. పిండి అస్సలు వేయకుండా, డిస్టిల్డ్ వాటర్‌తో, ప్లాస్టిక్ బుట్ట మీదే ఆరబెట్టిన తెల్ల ముక్కలకి కూడా చివర్లో మచ్చలు వచ్చాయి. వీటికి నల్ల చుక్క లేదు, అంచులు అలుక్కుపోయినట్టు లేత పసుపు మరకలు. మరోపక్క మరపిండి వేసిన నూరు శాతం కొబ్బరినూనె సబ్బుకి ఒక్క మచ్చ లేదు, నల్ల నలుసులు మాత్రం అలాగే ఉన్నాయి. అంటే నూనె ఎండుగడ్డి, ఇనుము అగ్గిపుల్ల. గడ్డి లేకపోతే అగ్గిపుల్ల ఏమీ చేయలేదు, గడ్డి మరీ ఎక్కువుంటే ఎండకే రాజుకుంటుంది.

ఆ గడ్డి లినోలిక్ యాసిడ్, నూనెల్లో ఉండే, గాలికి తొందరగా ముక్కిపోయే కొవ్వు ఆమ్లం. నువ్వుల నూనెలో 40 శాతం పైనే ఉంటుంది, తవుడు నూనెలో మూడో వంతు, కొబ్బరిలో దాదాపు లేనట్టే. నా లెక్కకి ఆ బ్యాచ్ మొత్తం మీద 23 శాతం దగ్గర తేలింది, సబ్బు చేసేవాళ్ళు సాధారణంగా 15 దాటనివ్వరు. దానికి తోడు 8 శాతం సూపర్‌ఫ్యాట్, అంటే సబ్బుగా మారని నూనె గాలికి ముక్కిపోవడానికి సిద్ధంగా ఉంది. ఇంకా పైన మా సముద్రపు గాలి, షెల్ఫ్ దగ్గర పెట్టిన తేమ కొలిచే హైగ్రోమీటర్ వానల్లో 80 శాతానికి తగ్గదు, సబ్బులోని గ్లిజరిన్ ఆ తేమని లాక్కుని చెమట పట్టినట్టు చుక్కలు కడుతుంది.

నాకు ఇంకా మింగుడుపడనిది ఒకటుంది. నువ్వుల నూనెలో సెసమాల్ లాంటివి సహజంగానే ఉంటాయి, అందుకే సీసాలో తొందరగా ముక్కిపోదు, మా అమ్మ మాగాయకి ఆ నూనె తప్ప ఇంకోటి ముట్టుకోదు. మరి సబ్బులో ఆ కాపలా ఎందుకు పనిచేయట్లేదు? నా ఊహ ఏంటంటే లై ఘాటుకి అవి రూపం మారిపోయి పనికి రాకుండా పోతున్నాయి. విటమిన్ ఈ క్యాప్సూల్స్ కోసి నూనెలో కలిపి కూడా చూశాను, ఏ తేడా లేదు, డబ్బులు దండగ, ఆ క్యాప్సూల్ రాత్రిపూట పెదాలకి రాసుకుంటే మంచిది.

ఇప్పుడు నమ్మకం పెట్టుకున్నది లోహాన్ని పట్టి కట్టేసే వాటి మీద. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) లై నీళ్ళలో వేస్తే సోడియం సిట్రేట్ అవుతుంది, అది ఇనుమునీ రాగినీ పట్టుకుంటుంది. నూనెలో 1 శాతం, అంటే 500కి 5 గ్రాములు. కానీ అది లైని తినేస్తుంది, కొట్లో దొరికేది మోనోహైడ్రేట్ (పలుకుల్లో నీరు ఉన్నది) అయితే గ్రాముకి 0.57 గ్రాములు, అన్‌హైడ్రస్ (నీరు లేనిది) అయితే 0.62, ఆ మేరకి లై కలుపుకోకపోతే సూపర్‌ఫ్యాట్ తెలియకుండానే పెరిగిపోతుంది, మచ్చలకి మనమే దారి వేసినట్టు. ఇలాంటి చోట ఒక గ్రాము అటూ ఇటూ చూపించే కిచెన్ తూకం పనికిరాదు, 0.01 చూపించే బంగారం తూకం లాంటి చిన్న మెషీన్ తీసుకోండి. టెట్రాసోడియం ఈడీటీఏ ఇంకా గట్టిది అంటారు, 0.5 శాతం చాలు, ఆర్డర్ పెట్టాను, ఇంకా రాలేదు.

తవుడు నూనె మాత్రం ఇక మానేస్తున్నా. దాని చోట ఇప్ప నూనె తెచ్చాను, చల్లటి రోజుల్లో నెయ్యిలా పేరుకుంటుంది, ఏజెన్సీ ఊళ్ళలో దీంతో వంట కూడా చేసేవాళ్ళు. వాసన కొంచెం ఘాటు, కానీ సబ్బయ్యాక తగ్గుతుంది. ట్రయల్‌గా కొబ్బరి 200, పామాయిల్ 150, ఇప్ప 100, ఆముదం 50, లై 74 గ్రాములతో 5 శాతం సూపర్‌ఫ్యాట్ మీద పోసిన ముక్కలు గట్టిగా, తెల్లగా ఉన్నాయి, మచ్చ జాడ లేదు. మా అత్తయ్యకి ఒకటిచ్చా, బాగుందమ్మా కానీ నలుగు పెట్టుకున్నట్టు లేదు అంది. నాకూ అదే అనిపించింది. నురగ బోలెడు, ఒంటికి ఆ నునుపు లేదు.

బజారు సబ్బుల్లో నాకు ఆ నునుపు దగ్గర్లో దొరికేది మైసూర్ శాండల్ ఒక్కటే, మైసూరు సంస్థానం మొదలుపెట్టిన ఫ్యాక్టరీ సబ్బు, వాసనకి నేను ఇప్పటికీ దాసోహం. మెడిమిక్స్ చెమటకాయలకి మంచిదే కానీ చలికాలంలో నా చర్మాన్ని లాగేస్తుంది. ఈ రెంటి మధ్య ఉండే సబ్బు కోసమే ఇదంతా.

బావంచాలు కూడా తగ్గిస్తున్నా. వాటిలో ఉండే సొరాలెన్ వల్ల ఎండ తగిలితే కొందరికి చర్మం మండుతుంది, నల్లబడుతుంది, పైగా ఆ గింజల్లో నూనె కూడా ఉంటుంది, అది మచ్చలకి ఎంత సాయం చేస్తోందో చూడాలి. కచ్చూరాలు, వట్టివేళ్ళు పెంచితే వాసనకి లోటుండదు. వట్టివేళ్ళని కొబ్బరినూనెలో నానబెట్టి ఒక సీసా ఎండలో పెట్టాను, మూత తీస్తే తడి మట్టి వాసన, అది లైకి నిలబడుతుందా లేదా అన్నది వేరే ప్రయోగం. కుంకుడుకాయ రసంతో నీళ్ళకి బదులు పోయాలని కూడా ఉంది, రసంలో పండ్ల చక్కెరలు ఉంటాయి కాబట్టి బాగా వేడెక్కుతుంది, ఐసు గడ్డలు చేసి వాడాలి. అది చలికాలానికి.

ముందు మాత్రం ఇది. కొబ్బరి 175, పామాయిల్ 150, నువ్వుల నూనె 75, ఇప్ప 50, ఆముదం 50. లినోలిక్ 12 శాతం దగ్గరికి దిగుతుంది. 5 శాతం సూపర్‌ఫ్యాట్‌కి లై 72.7, నిమ్మ ఉప్పు 5 గ్రాములకి ఇంకో 2.9, మొత్తం 75.6, నీళ్ళు 145, డిస్టిల్డే. మిక్సీలో పట్టిన సున్నిపిండి 15 గ్రాములు, అయినా అయస్కాంతం ఒకసారి తిప్పే కలుపుతా. సగం అచ్చుకి మరపిండి, సగానికి మిక్సీ పిండి వేద్దామని కూడా ఉంది, నిమ్మ ఉప్పు ఆ ఇనుప పొడిని ఆపగలదో లేదో అప్పుడు తేలుతుంది. వినాయక నిమజ్జనాలు అయ్యేలోపు పోసేస్తే నరక చతుర్దశికి ఆరు వారాలు నిండుతాయి, షెల్ఫ్ పక్కన సిలికా జెల్ డబ్బా కూడా పెడుతున్నా. ఎవరి దగ్గరైనా గానుగ నువ్వుల నూనెతో పోసి ఆర్నెల్లు మచ్చ పడకుండా నిలిచిన సబ్బుంటే ఆ లెక్క చెప్పండి, నేనింకా రిఫైన్డ్ నువ్వుల నూనెతో పోల్చి చూడలేదు, ఆ రెండు సీసాలూ ఈ ఆదివారమే తెస్తున్నా.