ఎవరి జబ్బుకు ఎవరు డబ్బు కట్టాలి? ఆరోగ్య బీమా అంశాన్ని మెయిన్స్ కోసం నేను చదివిన తీరు

మెయిన్స్‌కు సిద్ధమవుతున్న మిత్రులకు నమస్కారం. సివిల్స్ రెండో జనరల్ స్టడీస్ పేపరు, నాలుగో పేపరైన నైతికత, గ్రూప్-1 వ్యాసం: ఈ మూడింటికీ కలిపి నేను చదివిన ఒకే అంశం ఆరోగ్య బీమా. పథకాల పేర్లు, ప్రారంభ తేదీలు, లబ్ధిదారుల సంఖ్య ఒక పట్టికగా రాసుకుని బట్టీపడితే చాలని ఎక్కువ మంది అనుకునే అంశం కూడా ఇదే. పట్టిక ప్రిలిమ్స్‌కు పనికొస్తుంది. మెయిన్స్‌లో అడిగేది వేరు. అందరికీ వైద్యం అందించడంలో ప్రభుత్వ వ్యవస్థకు పరిమితులున్నాయి, ఆ లోటును ప్రైవేటు రంగం పూడ్చగలదా అని 2015లో అడిగారు. వైద్యం సంతసరుకుగా మారిపోతున్నప్పుడు ప్రభుత్వం ఏం చేయాలని 2024లో అడిగారు. మధ్యలో 2018లో స్థానిక స్థాయి వైద్యం గురించి అడిగారు. ఈ మూడు ప్రశ్నలను పక్కపక్కన పెట్టి చూడండి. మూడింటి అడుగునా ఉన్నది ఒకే తగాదా.

ఆ తగాదాను నా నోట్సు మొదటి పేజీ పైన ఇలా రాసుకున్నాను: ఎవరి జబ్బుకు ఎవరు డబ్బు కట్టాలి? జబ్బుపడ్డవారే కట్టుకోవాలంటే అది జేబు ఖర్చు. యజమాని, కార్మికుడు కలిసి కట్టాలంటే అది ఈఎస్ఐ. 1948 నాటి చట్టంతో మొదలైంది, ఇప్పుడు జీతంలో యజమాని వాటా 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం. ప్రభుత్వం పన్నుల సొమ్ముతో ఆసుపత్రి నుంచి వైద్యం కొనిపెట్టాలంటే అది ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్. ఆసుపత్రులనే ప్రభుత్వం నడపాలంటే అది 1948 జులైలో బ్రిటన్ మొదలుపెట్టిన జాతీయ ఆరోగ్య సేవ. ఆరోగ్య వ్యవస్థపై సిఫార్సులు చేసిన మన భోర్ కమిటీ 1946లో కోరుకున్నది కూడా దాదాపు ఆ దారినే. ఏ పథకం గురించి చదివినా ముందు దాన్ని ఈ ప్రశ్న ముందు నిలబెట్టండి. ఆ పథకాన్ని సమర్థించే పార్టీ ఏమంటుందో, విమర్శించే పార్టీ ఏమంటుందో సగం అక్కడే తేలిపోతుంది.

అసలు బీమా అంటే ఏమిటో గట్టిగా పట్టుకోకుండా చర్చలోకి దిగవద్దు. చీటీలో కట్టిన డబ్బు ఏదో ఒక నెల పాటలో మన చేతికే వస్తుంది. బీమాలో కట్టిన డబ్బు చాలామందికి తిరిగి రానే రాదు; ఆ ఏడాది జబ్బుపడిన కొద్దిమందికి పోతుంది. రాకపోతేనే మంచిదని కట్టిన ప్రతి ఒక్కరూ కోరుకుంటారు కూడా. అంటే ఆరోగ్యంగా ఉన్నవారు రోగి ఖర్చును మోయడం బీమా పునాదిలోనే ఉంది. సామాజిక బాధ్యత అన్న మాటను జవాబు చివరి వాక్యంలో అలంకారంగా తగిలించేవారు చాలామంది. దాన్ని జవాబు మొదట్లోనే, ఈ పునాది దగ్గరే పెట్టండి.

ఈ మోత ఇష్టమున్నవారికే వదిలేస్తే ఏమవుతుంది? వయసులో ఉండి ఆరోగ్యంగా ఉన్నవారు బీమా జోలికి రారు. జబ్బున్నవారే మిగులుతారు, ప్రీమియం పెరుగుతుంది, ఆ పెరుగుదల చూసి ఇంకొందరు తప్పుకుంటారు. అర్థశాస్త్రంలో దీన్ని ప్రతికూల ఎంపిక అంటారు. దీన్ని నాకు నిర్వచనం కంటే అమెరికా చర్చే బాగా నేర్పింది. 2010 మార్చి 23న ఒబామా సంతకం చేసిన అఫర్డబుల్ కేర్ చట్టంలో మూడు అంశాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ముందునుంచి జబ్బు ఉందన్న కారణంతో బీమా కంపెనీ ఎవరినీ కాదనకూడదు. అందరూ బీమా తీసుకోవాలి, లేకుంటే జరిమానా కట్టాలి. ఆదాయం చాలనివారికి ప్రీమియంలో ప్రభుత్వం సాయం చేస్తుంది. మొదటిది ఉంచి రెండోది తీసేస్తే, జబ్బు వచ్చాకే బీమా కొనుక్కోవచ్చని జనం ఆగిపోతారు. రెండోది ఉంచి మూడోది తీసేస్తే, డబ్బు లేనివారిని శిక్షించినట్టవుతుంది.

ఒబామాకు ప్రత్యర్థి పార్టీవారైన రిపబ్లికన్లు ఎక్కువగా వ్యతిరేకించింది రెండోదాన్ని. ఫలానాది కొనుక్కోమని పౌరుణ్ని ప్రభుత్వం బలవంతపెట్టవచ్చా అన్నది వారి ప్రశ్న. కానీ ఇదే ఏర్పాటును 2006లో మసాచుసెట్స్‌లో చట్టం చేసిన గవర్నర్ మిట్ రామ్నీ రిపబ్లికనే. తన వైద్యం ఖర్చును ఎవరూ ఇతరుల మీదికి నెట్టకూడదు, అది వ్యక్తిగత బాధ్యత అని అప్పట్లో ఆయన దాన్ని సమర్థించారు. ఒకే నిబంధనను ఒక పక్షం వ్యక్తిగత బాధ్యతగా, మరో పక్షం సామాజిక బాధ్యతగా చూపించగలిగాయి. వ్యాసంలో ఈ ఉదాహరణ ఒక్కటి సరిగ్గా వాడితే చాలు, మీకు రెండు వైపులా తెలుసని దిద్దేవారికి అర్థమవుతుంది. తర్వాతి కథను క్లుప్తంగా గుర్తుపెట్టుకోండి: 2012 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ జరిమానాను పన్నుగా పరిగణించి చట్టాన్ని నిలబెట్టింది, పేదల వైద్య పథకమైన మెడికెయిడ్ విస్తరణను మాత్రం రాష్ట్రాల ఇష్టానికి వదిలింది. 2017 పన్నుల చట్టంతో ఆ జరిమానా 2019 నుంచి సున్నా అయింది. 2025 చివర్లో అక్కడి ప్రభుత్వ కార్యాలయాలు వారాల తరబడి మూతపడటం వెనక ఉన్న ప్రధాన తగాదా కూడా ఈ చట్టం కింద వచ్చే ప్రీమియం రాయితీలదే.

మన దగ్గర గొడవ ఆ రూపంలో ఉండదు. పేదల ప్రీమియం ప్రభుత్వమే భరిస్తుంది కనుక బలవంతమన్న వాదన తలెత్తదు. మన తగాదాలు వేరు: ప్రజల సొమ్ము ప్రైవేటు ఆసుపత్రికి పోవాలా, ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలా? కేంద్రం పథకమా, రాష్ట్రం పథకమా? ఇక్కడ రాజ్యాంగం ఏడో షెడ్యూలు తెరవండి. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలో 6వ అంశం. బీమా కేంద్ర జాబితాలో 47వ అంశం. సామాజిక భద్రత, సామాజిక బీమా ఉమ్మడి జాబితాలో 23వ అంశం. ఒక పేద కుటుంబంలో జరిగే గుండె ఆపరేషన్ మూడు జాబితాలకూ సంబంధించిన విషయమే. ఆయుష్మాన్ భారత్ 2018 సెప్టెంబరు 23న రాంచీలో మొదలైతే, పశ్చిమ బెంగాల్ 2019 జనవరిలో బయటకు వెళ్లడానికి, తెలంగాణ 2021లో చేరడానికి, ఒడిశా, ఢిల్లీ 2025 దాకా ఆగడానికి మూలం ఇందులో దొరుకుతుంది. కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరించే పథకానికి పేరు ఎవరిది ఉండాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ ఓటు దగ్గర అది పెద్ద విషయం. సమాఖ్య వ్యవస్థపై వచ్చే ప్రశ్నకు కూడా ఈ పేరాను నేను సిద్ధంగా ఉంచుకున్నాను.

తెలుగు అభ్యర్థులుగా మనకున్న బలం ఆరోగ్యశ్రీ. ముఖ్యమంత్రి సహాయ నిధికి పెద్ద జబ్బుల దరఖాస్తులు కుప్పలుగా వస్తున్న రోజుల్లో, 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం దీన్ని మొదలుపెట్టింది. తెల్లకార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి రెండు లక్షల వరకు వైద్యం. మరుసటి ఏడాది కేంద్రం తెచ్చిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన పరిమితి 30,000 రూపాయలే అని పోల్చి చూస్తే మన రాష్ట్రం ఎంత ముందడుగు వేసిందో తెలుస్తుంది. ఈ పథకం మొదట బీమా కంపెనీ ద్వారా నడిచి, తర్వాత ప్రభుత్వ ట్రస్టు చేతికి వచ్చింది. బీమా విధానమా, ట్రస్టు విధానమా అన్న చర్చ పాతబడలేదు: 2025లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2.5 లక్షల వరకు బీమా కంపెనీ, ఆపై 25 లక్షల వరకు ట్రస్టు భరించే మిశ్రమ పద్ధతికి ఆమోదం తెలిపింది. తెలంగాణ 2023 డిసెంబరులో పరిమితిని పది లక్షలకు పెంచింది. పరిమితి పెంచుతున్నామని ప్రకటించడం ప్రభుత్వాలకు తేలిక. ఆసుపత్రుల బకాయిలు వేళకు చెల్లించడం కష్టం. బకాయిలు పేరుకుపోయి సేవలు ఆపేస్తామని పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రులు రెండు రాష్ట్రాల్లోనూ ప్రకటించిన సందర్భాలు మీరు పత్రికల్లో చూసే ఉంటారు. అలాంటి వార్త వచ్చినప్పుడు ఏ పార్టీ హయాం అన్నది పక్కనపెట్టి, చికిత్స ప్యాకేజీ ధర ఎప్పుడు సవరించారు, బిల్లు ఎక్కడ ఆగుతోంది అన్నవి నోట్సులోకి ఎక్కించండి.

నా అభిప్రాయం దాచుకోను. ఆరోగ్యశ్రీ వేల కుటుంబాలను అప్పుల నుంచి కాపాడింది. దాన్ని ఓట్ల పథకమని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. మా పెదనాన్న గుండె ఆపరేషన్ ఈ పథకం కిందే జరిగింది. భూమి అమ్మాల్సిన అవసరం రాలేదు. కానీ ఆపరేషన్ తర్వాతి గడువు ముగిశాక నెలనెలా మందులు, రక్తపరీక్షలు మా అన్నయ్య జీతంలోంచే పోతున్నాయి. దేశమంతటా కథ ఇదే. ఆసుపత్రిలో చేరితే కార్డు పనిచేస్తుంది. చేరాల్సిన అవసరం లేని బీపీకి, చక్కెర జబ్బుకు జేబే దిక్కు. వాటిని మొదట్లోనే కనిపెట్టి మందులిచ్చే ఉపకేంద్రం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం బలంగా లేకపోతే, ఆ రోగి పదేళ్ల తర్వాత మూత్రపిండాల జబ్బుతో కార్డు పట్టుకుని వస్తారు. అప్పుడు ప్రభుత్వం ఎన్నో రెట్లు ఎక్కువ కడుతుంది. 2018 ప్రశ్నకు జవాబులో నేను రాసే కేంద్ర వాదన ఇది.

అంకెలు మూడు నాలుగు చాలు, కానీ వాటి వెనక ఉన్నది తెలిసి వాడండి. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం మొత్తం ఆరోగ్య వ్యయంలో జనం జేబు ఖర్చు 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం. తగ్గుదల నిజమైనదే. అయితే రెండో అంకె కోవిడ్ కాలానిది, ప్రభుత్వాలు అసాధారణంగా ఖర్చుపెట్టిన ఏడాదిది. అంత ఖర్చుపెట్టిన ఏడాది కూడా ప్రభుత్వ ఆరోగ్య వ్యయం జీడీపీలో 1.84 శాతం దగ్గరే ఉంది. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటికి పెట్టుకున్న లక్ష్యం 2.5 శాతం. ఈ ఒక్క వివరణతో మీ జవాబు మిగతా వందల జవాబుల నుంచి వేరుపడుతుంది.

మధ్యతరగతిని మరవకండి. పేదల పథకంలోకి రాక, సొంతంగా బీమా లేక మిగిలిపోయినవారు జనాభాలో దాదాపు 30 శాతమని నీతి ఆయోగ్ 2021 నివేదిక చెప్పింది. చిన్న దుకాణదారు, ఆటో నడిపేవారు, ప్రైవేటు బడిలో పంతులమ్మ వీరిలోనే ఉంటారు. వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై 18 శాతం జీఎస్టీని ఎత్తివేయాలన్న డిమాండు పార్టీలకు అతీతంగా వచ్చింది. కేంద్రమంత్రి నితిన్ గడ్కరీయే 2024 జులైలో ఆర్థికమంత్రికి లేఖ రాశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ పన్ను పోయింది. మంచి నిర్ణయమే, కానీ ప్రీమియమే కట్టలేనివారికి పన్ను తగ్గింపు వల్ల ఒరిగేది తక్కువ.

నైతికత పేపరుకు ఒక కేసు చాలు. 1992లో బెంగాల్‌లో రైలు నుంచి పడి తలకు దెబ్బతగిలిన వ్యవసాయ కూలీ హకీం షేక్‌ను ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి పడకలు లేవనీ, సౌకర్యాలు లేవనీ తిప్పి పంపాయి. చివరికి ఆయన ప్రైవేటు ఆసుపత్రిలో సొంత డబ్బుతో వైద్యం చేయించుకోవలసి వచ్చింది. 1996లో సుప్రీంకోర్టు దీన్ని జీవించే హక్కునిచ్చే 21వ అధికరణ ఉల్లంఘనగా తేల్చి 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. నిధులు లేవన్నది సాకు కాజాలదని చెప్పింది. ఈ కేసు చదివిన రోజు నాకు కోపం వచ్చింది. ఆ కోపాన్ని జవాబులో తర్కంగా మార్చడం సాధనతోనే సాధ్యం. నిజాయతీ గురించి రాసేటప్పుడు ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ 2023లో బయటపెట్టిన విషయం వాడుకోవచ్చు: ఆయుష్మాన్ భారత్‌లో ఏడు లక్షలకు పైగా లబ్ధిదారులు ఒకే ఫోను నంబరుకు ముడిపడి ఉన్నారు.

తెలుగు మాధ్యమంలో రాసేవారు పదాల కోసం తడుముకోవద్దు. ప్రీమియం, ప్యాకేజీ, క్లెయిము అలాగే రాయండి. జేబు ఖర్చు, ప్రతికూల ఎంపిక లాంటి మాటలను మొదటిసారి వాడినప్పుడు ఒక చిన్న వాక్యంలో విడమరచండి. రోజూ ఒక పేజీ సాధన చేయండి: పైసగంలో మీకు నచ్చని పక్షం వాదన, దాన్ని నమ్మేవారు ఒప్పుకునేంత న్యాయంగా, కిందిసగంలో మీ తీర్పు.

సాధన కోసం ఒక ప్రశ్న ఇస్తున్నాను. 2024 అక్టోబరు నుంచి డెబ్బై ఏళ్లు నిండిన అందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ వర్తిస్తోంది, ఇది సమంజసమా? నేనైతే సమంజసమనే రాస్తాను. పేదలతోపాటు చదువు, పలుకుబడి ఉన్నవారు కూడా అదే కార్డుతో అదే ఆసుపత్రికి వెళ్లినప్పుడే, అక్కడ సేవ సరిగా లేకపోతే ప్రశ్నించే గొంతులు పెరుగుతాయి. కాదనే వైపు రాయాలనుకుంటే, ఉన్న కొద్ది నిధులు ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు పోవాలన్న వాదన తీసుకుని, ఆ 2.5 శాతం లక్ష్యం దగ్గర మొదలుపెట్టండి.