వాడి ఫారంలో మా అమ్మ పేరు

మా అబ్బాయికి చదువవగానే అమెరికా రక్షణ శాఖకు పనిచేసే ఓ కంపెనీలో ఇంజనీరు ఉద్యోగం వచ్చింది. సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే రహస్య సమాచారం చూడటానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి, ఉంటేనే అసలు పనిలోకి తీసుకుంటారు. దానికి నింపాల్సిన ఫారం పేరు ఎస్‌ఎఫ్-86. ఆ శనివారం రద్దయిన నా ఇండియా పాస్‌పోర్టు, మా ఇద్దరి పౌరసత్వ సర్టిఫికెట్లు, 7 ఏళ్ల ప్రయాణాల తేదీలు అన్నీ భోజనాల బల్ల మీదకొచ్చాయి.

వాడు పుట్టింది ఇక్కడే, మేరీలాండ్‌లో. అయినా 18వ విభాగంలో చుట్టాల వివరాలు అడుగుతారు. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు, పెళ్లయితే అత్తమామలు. అమ్మమ్మకు అక్కడ చోటు లేదు. "పిన్ని కొడుకుని అన్నయ్య అంటాను కదా, బ్రదర్స్‌లో రాయాలా?" అని అడిగాడు. కజిన్ అనకు, అన్నయ్య అను అని చిన్నప్పటి నుంచీ వాణ్ణి దిద్దింది నేనే. ఆ ఫారం లెక్కలో మాత్రం అన్నయ్య కజినే.

హమ్మయ్య అనుకునేలోపే 19వ విభాగం వచ్చింది. గత 7 ఏళ్లలో దగ్గరితనమో, ఎడతెగని మాటామంతీయో ఉన్న విదేశీయులు ఎవరెవరు? ప్రేమ, పలుకుబడి, ఒకే రకం ఆసక్తులు, బాధ్యత, వీటిలో ఏది మిమ్మల్ని కట్టిపడేసినా వాళ్ల పేర్లు రాయాలి. చదివి కాసేపు ఊరుకుండిపోయాను. వాడికీ మా అమ్మకీ మధ్య ఉన్నది సరిగ్గా అదే.

అమ్మ తెనాలిలో ఉంటుంది. ఆధార్‌లో ఉన్న పుట్టినరోజు బడిలో చేర్చినప్పుడు మాస్టారు వేసినది. అసలుది అట్లతద్ది ముందురోజని మాత్రం తెలుసు. అంచనా తేదీ అని టిక్కు పెట్టే వీలుంది కాబట్టి గట్టెక్కాం. మా తమ్ముడు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. పిల్లలకు ఎక్కాలు చెప్పే మా వాడు కూడా అక్కడ విదేశీ ప్రభుత్వ ఉద్యోగే.

అమ్మమ్మతో ఎంత తరచుగా మాట్లాడతావన్న ప్రశ్న దగ్గర నేను తప్పు మాట అన్నాను. "అప్పుడప్పుడని పెట్టరా, ఎందుకొచ్చిన గొడవ." వాడు నా వంక చూశాడు. "ప్రతి ఆదివారం నువ్వేగా ఫోన్ చేతికిచ్చేది?" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్లు కష్టపడి నిలబెట్టిన బంధాన్ని భయంతో ఒక్క టిక్కులో తగ్గించబోయాను.

తర్వాత ఇద్దరం కూర్చుని నిబంధనలు చదివాం. క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి 2017 జూన్ 8 నుంచి అమల్లో ఉన్న మార్గదర్శకాలు మొత్తం 13. వాటిలో 'బి' విదేశీ ప్రభావం గురించి. బయటి దేశంలో చుట్టాలుండటమే తప్పని అందులో లేదు. వాళ్ల మీద ఒత్తిడి తెచ్చి వీణ్ణి లొంగదీసే ప్రమాదం ఉందా అన్నది అధికారుల ప్రశ్న. ఆ దేశం ఎలాంటిది, చుట్టాలు ఏం చేస్తారు, వీడి వేళ్లు ఇక్కడ ఎంత లోతుగా ఉన్నాయి, అన్నీ కలిపి మనిషిని మొత్తంగా చూస్తారు. తెలిసి దాచడం మాత్రం వేరే మార్గదర్శకం కిందికి వస్తుంది. నిజానికి గండం అదే. పిల్లలు ఈ ఫారం ముందు కూర్చున్నప్పుడు నాలా సలహాలివ్వకండి. అమ్మమ్మ ఇంటి స్థలం రాసిస్తానంటున్నా, చేతిలో ఓసీఐ కార్డు (వేరే దేశ పౌరులైన భారత సంతతి వాళ్లకు ఇండియా ఇచ్చేది) ఉన్నా, ప్రశ్న ఎదురైన చోట ఉన్నదున్నట్టు రాయనివ్వండి. ఓసీఐ పేరులో సిటిజన్ అని ఉన్నా అది భారత పౌరసత్వం కాదు. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. ఆ తేడా పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి. నేను చెప్పలేదు.

మర్నాడు ఆదివారం. "అమ్మమ్మా, గవర్నమెంటు కాగితాల్లో నీ పేరు రాశాను" అన్నాడు తెలుగులోనే.

"ఏమని రాశావు నాన్నా?"

"వారం వారం మాట్లాడతానని."

అమ్మ కాసేపు ఆలోచించింది. "మామయ్య పేరు కూడా రాశావా? లేకపోతే నొచ్చుకుంటాడు."